కుక్కపిల్ల కంటిలో నీలిపొర కనిపించిన యెడల

వానలు వెనుకబట్టి చలి ప్రవేశించు దినములలో మన పల్లెలలో కుక్కలు విశేషముగా ఈనును. ఆ పిల్లలలో చురుకైనదానిని ఏరి, కళ్ళమునకో గొఱ్ఱెల దొడ్డికో మోటారు షెడ్డుకో కాపలాగా పెంచుకొనుట రైతులకు వాడుక. మాఘ ఫాల్గుణములు వచ్చుసరికి ఈ పిల్లలకు రెండు మూడు నెలల ప్రాయము వచ్చును. తల్లి ముర్రుపాలతో వచ్చిన రోగనిరోధకశక్తి అడుగంటుటయు, పిల్ల వీధిలోనికి పోయి నాలుగు కుక్కలతో కలియుటయు ఇంచుమించు ఒకే కాలమున జరుగును. సరిగా ఆ దినములలోనే, "పిల్ల కంటిలో పువ్వు వేసినది, ఏమి పోయవలెను?" అను ప్రశ్న గ్రామములలో వినవచ్చును.

ఏమియు పోయవద్దనునదే దీనికి మొదటి సమాధానము. ఉప్పు నమిలి కంటిలో ఉమ్ముట, పొగాకు రసము పిండుట, కణతపై వాత వేయుట మొదలగునవి పశువులకు చేయు అలవాటు కొలది కొందరు కుక్కపిల్లలకును చేయుదురు. వీనివలన ఉన్న కన్ను కూడ పోవును. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. లేతకుక్క కంటిలో కనిపించు మార్పు చాల సందర్భములలో కంటికి మాత్రమే వచ్చిన జబ్బు కాదు. ఒంటిలోని జబ్బు కంటిద్వారా బయటపడును. వాటిలో కొన్ని ఇంటిలోని పాడిగేదెకును, ఒక్కొక్కప్పుడు ఇంటిలోని బిడ్డకును సంబంధించినవి. కావున కంటిని చూచిన వెంటనే పిల్లను నఖశిఖపర్యంతము చూడవలెను.

ఏది సహజము

కుక్కపిల్లలు కన్నులు మూసికొనియే పుట్టును. 10 మొదలు 14 దినములకు రెప్పలు విడిపోవును. ఆ సమయమున కనుగ్రుడ్డు కొంచెము మసకగా, నీలిచాయతో ఉండుట సహజము. కొలది వారములలో ఆ మసక తనంతట తానే తొలగును. నెల దాటినను మసక పోకున్నను, పోయిన మసక తిరిగి వచ్చినను అనుమానించవలెను.

పిల్లకు చూపు ఉన్నదా లేదా అని తెలిసికొనుటకు కంటి యెదుట చేయి ఆడించి, రెప్ప వేయలేదని గ్రుడ్డిదిగా తీర్మానించువారు కలరు. ఇది సరికాదు. చేయి మీదికి వచ్చినపుడు రెప్ప వేయుట పిల్ల క్రమముగా నేర్చుకొను పని. సుమారు మూడు నెలల ప్రాయమువరకు అది స్థిరపడదు. దానికి బదులు చిన్న దూది ఉండను కంటి ముందు పైనుండి జారవిడిచి, పిల్ల చూపు దానివెంట పోవుచున్నదేమో చూడుడు. చీకటిగదిలో టార్చి వెలుగు పడినపుడు కంటిపాప ముడుచుకొనవలెను.

ఒక కన్ను గోధుమరంగు, ఒక కన్ను నీలము ఉన్న పిల్లలు అరుదుగా కనబడును. కనుపాప చుట్టునున్న వలయము మాత్రమే నీలముగా ఉండి, పైపొర అద్దమువలె తేటగా ఉన్నచో అది రోగము కాదు. అయితే తెల్లని వెంట్రుకలు గల పిల్లలలో నీలికన్ను ఉన్నవానికి చెవుడు కూడ ఉండుట కలదు. పిల్ల నిద్రించునపుడు వెనుకనుండి చప్పట్లు కొట్టి చూచిన తెలియును. వినబడని కుక్కను కాపలాకు ఎంచుకొని ప్రయోజనము లేదు.

కన్ను తెరవకముందు చీము పట్టుట మరియొక సంగతి. వారము పది దినముల పిల్లకు మూసియున్న రెప్ప ఉబ్బి, లోపలిమూలనుండి పసుపుపచ్చని చీము చిమ్మునట్లు కనబడిన యెడల, రెప్ప వెనుక చీము గూడుకట్టినదని గ్రహించవలెను. రెండుమూడు దినములు అట్లే వదలిన కనుగ్రుడ్డు కరిగిపోవచ్చును. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డతో మెల్లగా అద్దుచు, ఆ దినమే పశువైద్యశాలకు చేర్చవలెను. రెప్పలను గోటితో చీల్చుట, బ్లేడుతో కోయుట తగదు. ఆ పని వైద్యుడు చేసి, లోపల కడిగి మందు పెట్టును. ఈతలోని ఒక పిల్లకు ఇట్లు వచ్చినచో మిగిలినవానిని కూడ ప్రతిదినము చూడవలెను. తల్లి పండుకొను గోనెను ఎండలో వేయవలెను.

కన్నుతో పాటు ముక్కు కారినపుడు

రెండు కన్నులనుండియు చిక్కని పుసులు కారి, ఉదయము రెప్పలు అంటుకొని, ముక్కునుండి చీమిడి కారుచు, పిల్ల మేత మాని ముడుచుకొని పడియున్న యెడల డిస్టెంపరు అను వ్యాధిని మొదట తలచుకొనవలెను. దీనికి కారణము వైరస్ అని 1905 సంవత్సరములో హెన్రీ కారే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తేల్చెను. మూడు మొదలు ఆరు నెలల ప్రాయపు పిల్లలలో ఇది యెక్కువ. జబ్బుకుక్క తుమ్మిన, దగ్గిన తుంపరలద్వారా వ్యాపించును.

ఇందులో జ్వరము రెండు విడతలుగా వచ్చును. మొదటి విడత సాధారణముగా ఎవరి కంటను పడదు. జ్వరము తగ్గి మరల వచ్చినపుడు కన్నులు ఎఱ్ఱబడి పుసులు కట్టును. దగ్గు, విరేచనములు వెంబడించును. కొన్నింటికి అరికాలి మెత్తలును ముక్కుచివరయు గట్టిపడి పగులును. ఈ వ్యాధి కన్నీటి గ్రంథులను కూడ దెబ్బతీయుటచే కన్ను ఎండి మెఱుపు తగ్గి, పైపొర పుండు పడును. పుసులు తుడిచి "కన్ను బాగైన"దని సంతోషించిన రెండు మూడు వారములకు కాలో, కణతయో లయబద్ధముగా ఎగురుట, నోరు నమలునట్లు ఆడించుచు మూర్ఛపోవుట ఆరంభము కావచ్చును. ఒక్కొక్కప్పుడు కంటినరము వాచి, కనుపాపలు పెద్దవిగా విప్పారి, పిల్ల అకస్మాత్తుగా గ్రుడ్డిదగును. చూచుటకు ఆ కన్ను అద్దమువలె తేటగానే ఉండును గాని గోడకు ఢీకొనును.

ఈ వైరస్‌ను చంపు మందు లేదు. వైద్యుడు ఇచ్చునవి ఇతర సూక్ష్మజీవులు తోడుకాకుండ చూచుటకును, శరీరబలము నిలుపుటకును ఉపయోగపడును. శ్రద్ధగా నీరు, గంజి పట్టి, కన్నులు ముక్కు శుభ్రముగా ఉంచిన పిల్లలు కొన్ని బ్రతుకును. జబ్బుపిల్లను వేరుచేయుట మొదటి పని. వైరస్ కుక్క ఒంటి వెలుపల ఎక్కువ కాలము నిలువదు. ఎండయు, సబ్బునీరును దానిని చంపును. ఆ పిల్ల త్రాగిన మూకుడును మరొకదానికి పెట్టరాదు.

నీలి కన్ను

ఇక రైతు "పువ్వు" అని పిలుచుదానికి వత్తము. దీనిని చూడవలసిన విధానము చెప్పెదను. పిల్లను వెలుతురులో నిలిపి కంటిని ప్రక్కనుండి చూడుడు. మసక కంటి ముందరి అద్దపుపొరలోనే ఉన్నదా, లేక కనుపాప వెనుక లోతున ఉన్నదా? లోతున ముత్యమువలె తెల్లగా ఉన్నచో అది శుక్లము. పుట్టుకతో వచ్చినదై యుండవచ్చును. తల్లి చనిపోయి పోతపాలతో పెరిగిన కొన్ని పిల్లలలో కూడ ఇది కలుగును. దానికి తొందరలేదు. ముందరిపొరమీద ఒకచోట గరుకుగా తెల్లని మచ్చ ఉన్నచో దెబ్బయో పుండో అయియుండును. పొర అంతయు నునుపుగా, కిటికీ అద్దమునకు ఆవిరి పట్టినట్లు నీలముగా మారినచో లోపలికి నీరు దిగినదన్నమాట.

ఈ నీరు ఎట్లు దిగును? ముందరిపొర వెనుకభాగమున ఒకే వరుస కణములు కలవు. ఊటబావిలోని నీటిని ఇంజను ఎడతెగక తోడినట్లు ఈ కణములు పొరలోనికి ఊరు నీటిని బయటికి తోడుచుండును. అందుచేతనే ఆ పొర తేటగా ఉండును. ఇంజను ఆగిన బావి నిండును. కణములు దెబ్బతిన్నచో పొర నీరుపట్టి ఉబ్బి నీలవర్ణము దాల్చును.

లేతకుక్కలలో ఈ కణములను దెబ్బతీయు జబ్బులలో పేరుపడినది కాలేయమునకు వచ్చు అంటువ్యాధి. స్వీడను దేశమున రూబార్త్ అను వైద్యుడు 1947లో దీనిని వివరముగా వర్ణించెను. జ్వరము, వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ళు పాలిపోవుట దీని లక్షణములు. బాగుగా లేతపిల్లలు ఒక దినములోనే చనిపోవుటయు కలదు. బ్రతికి కోలుకొనిన పిల్లలలో కొన్నింటికి జ్వరము తగ్గిన వారము పది దినములకు ఒక కన్నో, రెండు కన్నులో నీలమగును. వైరస్ కంటిలోనికి చేరగా, దానిని ఎదుర్కొనుటకు శరీరము తయారుచేసిన పదార్థములు దానితో కలిసి పెనుగులాడునపుడు పైన చెప్పిన కణములు నలిగిపోవుటయే కారణము. పోరు జరిగిన పొలములో పైరు నలిగినట్లే. అందుచేత పిల్ల బాగుపడుచున్నప్పుడు కన్ను చెడుట చూచి రైతు ఆశ్చర్యపోవును. చాల భాగము రెండు మూడు వారములలో ఈ నీలిమ తగ్గును. కన్ను సగము మూసి, వెలుతురునకు ఓర్చుకొనలేక, గ్రుడ్డు ఉబ్బినట్లున్నచో మాత్రము లోపలి ఒత్తిడి పెరుగుచున్నదని గ్రహించి ఆలస్యము చేయరాదు. కోలుకొనిన పిల్ల మూత్రములో ఈ వైరస్ ఆరు నెలలు, అంతకు మించియు వెలువడును. కాబట్టి ఇతర కుక్కపిల్లలు ఉన్న దొడ్డిలో దానిని వదలరాదు.

నీలి కంటికి రెండవ కారణమును పాడిరైతులు మరింత శ్రద్ధగా చదువవలెను. అది సర్రా. ఈ జబ్బును కలిగించు సూక్ష్మజీవిని 1880లో డేరా ఇస్మాయిల్‌ఖాన్ ప్రాంతమున, అనగా నేటి పాకిస్తానులో, గుఱ్ఱముల, ఒంటెల రక్తములో గ్రిఫిత్ ఇవాన్సు కనుగొనెను. దీనిని ఒక పశువునుండి మరొక పశువునకు మోయునవి ముఖ్యముగా జోరీగలు. గేదెలును ఆవులును పైకి పెద్దగా లక్షణములు చూపకుండ, పాలు తగ్గి చిక్కిపోవుచు, నెలలతరబడి ఈ జీవిని రక్తములో ఉంచుకొనగలవు. కుక్కలో మాత్రము ఇది దాగదు. జ్వరము వచ్చిపోవుచుండును. మొగము, కాళ్ళు నీరుపట్టును. గొంతు వాచి మొరుగు బొంగురుపోవును. కన్నులు పాలుపోసినట్లు తెల్లబారును. వైద్యము చేయని కుక్క సాధారణముగా బ్రతుకదు. కుక్కకు ఇది జోరీగ కాటువలననే గాక, చనిపోయిన పశువు పచ్చిమాంసము తినుటవలన కూడ వచ్చును.

కావున వానకాలమునందును, ఆ తరువాతను కాపలాకుక్క కన్నులు తెల్లబడి మొగము ఉబ్బినచో, కుక్కను మాత్రమే గాక దొడ్డిలోని పశువులను గూర్చియు పశువైద్యునికి చెప్పవలెను. రక్తపు చుక్కను గాజుపలకపై పరచి సూక్ష్మదర్శినిలో చూచినచో నిర్ణయము కావచ్చును. ఒక పర్యాయము కనబడకున్నచో, మరల జ్వరమున్నప్పుడు చూడవలెను. దీనికి మందులు కలవు, పెందలకడ ఇచ్చిన కన్నులు తిరిగి తేటబడును. కాని గేదెకు పొడిచిన సూదిమందునే మిగిలినది గదా అని కుక్కకు అంచనామీద పొడిపించుట అపాయకరము. వానిలో కొన్ని కుక్క నరముల వ్యవస్థకు సులభముగా విషమగును. నేను వ్యవసాయశాస్త్రము చదివినవాడను గాని పశువైద్యుడను కాను. మోతాదులు ఇక్కడ వ్రాయకుండుటకు కారణము అదియే.

మూడవది పిడుదుల జబ్బు. గోధుమరంగు కుక్కపిడుదులు మోసికొనివచ్చు సూక్ష్మజీవి రక్తములో ప్రవేశించినచో కంటి తెల్లగ్రుడ్డుమీదను లోపలను రక్తము చిమ్మును. ముక్కునుండియు రక్తము కారవచ్చును. దీనికి వైద్యుడు వ్రాయు మాత్రలను వారములతరబడి, చెప్పిన దినములు పూర్తియగువరకు ఇయ్యవలెను. పిడుదులను గోడనెఱ్ఱెలలోను, మంచపు సందులలోను కూడ వెదకి చంపకున్న జబ్బు తిరుగబెట్టును.

దెబ్బలు, విషములు

పైరుకోసిన చేలలో తిరుగు పిల్లకు ఉన్నట్లుండి ఒకే కన్ను నీరుకారి మూసికొనిపోయినచో, గడ్డి ములుకు లోపల ఉన్నదేమో చూడవలెను. కుక్క కంటి లోపలిమూలన మూడవ రెప్ప యొకటి కలదు. ములుకు దాని వెనుక దాగి, పిల్ల రెప్ప ఆర్పిన ప్రతిసారియు అద్దపుపొరను గీయును. పైకి కనబడు ములుకును తీయవచ్చును. కనబడనిదానికై వ్రేలు పెట్టి వెదకరాదు. అద్దపుపొరపై గీత పడియున్నప్పుడు, ఇంటిలో ఎవరికో వ్రాసియిచ్చిన కంటిచుక్కలు వేయుట మిక్కిలి ప్రమాదము. అట్టి చుక్కలలో కొన్నింటిలో స్టెరాయిడు ఉండును. ఎఱుపు తగ్గినట్లు కనబడి పుండు లోతుకు పోవును. ఒక రాత్రిలోనే కన్ను చిల్లిపడవచ్చును.

మూడవ రెప్పనుండి చెఱ్ఱీపండువంటి ఎఱ్ఱని ముద్ద పైకి వచ్చుట కొన్ని లేతకుక్కలలో కనబడును. అది గడ్డ కాదు, స్థానము తప్పిన కన్నీటి గ్రంథి. దానిని కత్తిరించినచో ఆ కంటికి జీవితాంతము తడి కరవగును. వైద్యుడు లోపలికి నొక్కి కుట్టగలడు.

సున్నమో, మందునీళ్ళో కంటిలో పడినచో చల్లని మంచినీటితో కనీసము 15 నిమిషములు ధారగా కడుగవలెను. మామూలు దుమ్ము, పుసులకు లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు, అనగా ఒకటిన్నర చిన్నచెంచాలు కరిగించి వాడవచ్చును.

మందు పిచికారి దినములలో ఒక గుర్తు జ్ఞాపకముంచుకొనుడు. కనుపాపలు రెండును సూదిమొనవలె ముడుచుకొని, నోట చొంగ కారుచు, ఒళ్ళు వణకుచున్న పిల్ల పురుగుమందు త్రాగియుండును. ముఖ్యముగా ఆర్గానోఫాస్ఫేటు జాతి మందుల పని ఇది. మందుడబ్బాలు కడిగిన బకెట్టు చేనిగట్టున వదలుటే దీనికి సాధారణ కారణము. విరుగుడు సూది పశువైద్యశాలలో ఉండును, కాని గంటలు గడువరాదు. మందుడబ్బా చీటీని వెంట తీసికొనిపోయిన వైద్యునికి పని సులభమగును. దీనికి భిన్నముగా ఉమ్మెత్త తిన్న పిల్లకు కనుపాపలు పెద్దవిగా విప్పారును.

పిల్లగదా అని చేయి పెట్టరాదు

కన్నులు ఎఱ్ఱబడి, మెల్లచూపు పడి, ఒక కనుపాప పెద్దదిగాను ఒకటి చిన్నదిగాను ఉండి, మూడవ రెప్ప పైకివచ్చి, చూపు శూన్యముగా నిలిచిపోయిన పిల్లలో నడవడిక కూడ మారియున్నచో పిచ్చికుక్క వ్యాధిని అనుమానించి తీరవలెను. ఉల్లాసముగా ఆడుకొను పిల్ల మూలచేరుట, పిలిచినవారిని కరచుట, మొరుగు మారుట, క్రిందిదవడ వ్రేలాడి చొంగ కారుట దీని గుర్తులు. దవడ వ్రేలాడినపుడు గొంతులో ఎముక అడ్డుపడినదనుకొని చేయి పెట్టి చూచినవారు ప్రాణాపాయము తెచ్చుకొందురు. డిస్టెంపరు మూర్ఛలకును దీనికిని కంటిచూపుతో తేడా చెప్పుట పశువైద్యునికే కష్టము. కాబట్టి మనము రెండవదే అనుకొని నడచుకొనవలెను. పిల్లను తాళము వేయదగిన గదిలో ఒంటరిగా ఉంచి, నీరు దూరమునుండి పెట్టి, పిల్లలను అటు పోనీయకుండ, పశువైద్యునికి కబురు చేయవలెను. లక్షణములు బయటపడిన కుక్క సాధారణముగా 10 దినములలో చనిపోవును.

రెండు నెలల పిల్ల గీరినదే గదా అని నిర్లక్ష్యము చేయుట మన పల్లెలలో తరచు జరుగు పొరపాటు. లక్షణములు కనబడుటకు కొన్ని దినములు ముందునుండియే దాని చొంగలో వైరస్ ఉండవచ్చును. కరచినను, గీరినను, పుండుపై నాకినను, సబ్బుతో పారునీటిలో 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు పెట్టరాదు. అదే దినము ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి టీకా మొదలిడవలెను. పిల్ల చచ్చునో బ్రతుకునో చూచి అప్పుడు పోదమనుట తగదు. మనిషికి ఈ జబ్బు లక్షణములు పైకి వచ్చిన పిదప బ్రతుకుట దాదాపు లేదు.

టీకాలు

డిస్టెంపరు, కాలేయవ్యాధి, పార్వో వీనికి కలిపి ఒకే టీకా దొరకును. 6 మొదలు 8 వారముల ప్రాయమున మొదటిది వేయించి, మూడు నాలుగు వారములకు ఒకసారి చొప్పున 16 వారములు నిండువరకు మరల వేయించవలెను. ఒక్కసారి వేయించి ఊరకుండుట చాలదు. ముర్రుపాల శక్తి ఇంకను మిగిలియున్నచో అది టీకాను పనిచేయనీయదు. ఆ శక్తి ఏ దినమున తీరునో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క విధము. టీకాను 2 మొదలు 8 డిగ్రీల చలిలో ఉంచవలెను. దుకాణమునుండి చొక్కాజేబులో వేసికొని మధ్యాహ్నపుటెండలో తెచ్చిన టీకా నీటితో సమానము. పిచ్చికుక్క టీకా మూడు నెలలు నిండగానే వేయించి, ఏడాదికి తిరిగి వేయించవలెను.

గ్రామోద్యోగులకు ఒక మాట. జోసెఫ్ మీస్టరు అను బాలునికి పాశ్చరు మొదటిసారి ఈ టీకా వేసిన 1885 జూలై 6 జ్ఞాపకార్థము ఆ తేదీని, పాశ్చరు మరణించిన 1895 సెప్టెంబరు 28 జ్ఞాపకార్థము ఆ తేదీని పశువైద్యశాలలలో టీకా శిబిరములకు ఎంచుకొనుట వాడుక. ముందు వారమే దండోరా వేయించి, ఇంటింటి కుక్కల లెక్క వ్రాసియుంచినచో టీకాలు సరిపడ తెప్పించుట సుకరము. వీధికుక్కలకు సంతాననిరోధ శస్త్రచికిత్సయు టీకాయు వేయించు బాధ్యత 2023 నియమములప్రకారము స్థానిక సంస్థలదే. చనిపోయిన జబ్బుకుక్కను కాలువలోనికి ఈడ్పించుట, పెంటపై వేయించుట మాన్పించవలెను. చేతులకు తొడుగులు వేసికొని, నీటివనరులకు దూరముగా, నక్కలును ఇతర కుక్కలును త్రవ్వలేనంత లోతున సున్నము చల్లి పూడ్పించవలెను. పశువు కళేబరమును గూర్చియు ఇదే పద్ధతి. దానిని పీకి తినుటకు కుక్కలను వదలినచో సర్రా వాటికి అంటుకొనును.